లావు తీగె

మూడో తీగె మళ్ళీ జారింది. పద్మారాణి మర తిప్పి బిగించింది, వేలితో మీటి చూసింది. సరిగ్గానే పలికింది. పాట సగానికి వచ్చేసరికి అదే తీగె మళ్ళీ వదులై మూలిగినట్టు మోగింది. మొదట్లో తప్పు తన వేళ్ళదేననుకునేది. పొద్దంతా చీరలకు రాళ్ళు అతికించే చేతులు, కొసన గమ్ము ఎండి గట్టిపడిన వేళ్ళు, వీటికి తీగెలేం పలుకుతాయిలే అనుకునేది. ఇప్పుడా అనుమానం పోయింది. వేలు తప్పితే వచ్చే చప్పుడు వేరు, వస్తువు తప్పితే వచ్చే చప్పుడు వేరు. ఆ తేడా తనకు ఎప్పటినుంచి తెలుస్తోందో ఆమెకే తెలియదు.

అది ఎర్రరంగు వేసిన చిన్న యుకులేలే. కూతురు సంధ్య బడిలో ఉన్నప్పుడు పట్టుబట్టి కొనిపించుకుని, మోజు తీరగానే అటక మీద పడేసింది. దుమ్ము దులపడానికని దించిన పద్మారాణి దాన్ని మళ్ళీ పైన పెట్టలేదు. సంధ్య ఫోనులో చూపిస్తే వేళ్ళు ఎక్కడ పెట్టాలో నేర్చుకుంది. సూరత్ శివార్లలోని వడోద్‌లో వాళ్ళుండే గదుల వరుసలో ఆడవాళ్ళంతా దాన్ని చిన్న గిటారంటారు. బతుకమ్మ పాటలు దాని మీద వాయిస్తుంటే మొదట నవ్వారు, తర్వాత అలవాటు పడ్డారు.

అలవాటు పడనివాడు, ఆ మాటకొస్తే పట్టించుకోనివాడు, ఆమె మొగుడే. పరమేశ్ మగ్గాల కారఖానాలో రాత్రిపాళీ చేసి వచ్చి, పగలంతా పడుకుని, సాయంత్రం లేచి గడప మీద కూర్చుంటాడు. చేతిలో చాయ్ గ్లాసు, వీపు గదివైపు. ఆ సమయానికి ఆమె చేతిపని పక్కన పెట్టి అతని వెనకాలే కూర్చుని, సన్నగా పాడుకుంటూ వాయిస్తుంది. ఈ రోజూ అంతే. తీగె జారినచోట ఆగి, బిగించి, పాట పూర్తి చేసింది. పరమేశ్ గ్లాసు కింద పెట్టాడు. పిక్క గోక్కున్నాడు. లేచి నల్లా దగ్గరికి పోయాడు. బాగుందనలేదు, బాగాలేదనలేదు. ఏడాది నుంచి ఇదే వరస. బాగాలేదన్నా ఒక తీరు అనుకుంటుందామె. తిడితే వాయించడం మానేయడమో, తిరిగి తిట్టడమో ఏదో ఒకటి చేయొచ్చు. ఏమీ అనని మనిషితో ఏం చేయాలి?

పక్కగది వెంకటవ్వ చీరలు మడతలు పెడుతూ అక్కడినుంచే అన్నది. "కొత్తది తెచ్చుకోరాదే పద్మా. గా గిటారు ముసలిదైనట్టుంది, ఊకె ఏడుస్తాంది."

"చూస్తున్న అవ్వా. సంధ్య ఫోన్ల చూస్తాంది."

వెంకటవ్వ మడత పెట్టిన చీర పక్కన పెట్టి, నల్లావైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించింది. "నీకెర్కనో లేదో. పరమేశును మగ్గాల కాన్నుంచి తీసేసిండ్రట. బట్ట తానులు మోసే పనిల ఏసిండ్రట. మా పిలగాడు చెప్పిండు."

పద్మారాణి చేతిలో మర అలాగే ఆగిపోయింది. "ఎందుకు?"

"కారఖాన్ల రాంప్రసాద్ మాస్టర్ ఎనుకనుంచి ఎంత పిలిచినా మర్ల చూడలేదట. ఒక్కనాడు గాదట. సీనియర్‌నని పొగరు ఎక్కిందంటుండట."

పరమేశ్ తువ్వాలుతో మొహం తుడుచుకుంటూ వచ్చేసరికి వెంకటవ్వ మళ్ళీ చీరల్లో పడిపోయింది.

అతను పాళీకి పోయేముందు అన్నం తింటున్నప్పుడు పద్మారాణి ఎదురుగా కూర్చున్నది. పప్పు వడ్డించి, ఎలా మొదలుపెట్టాలో తెలియక, నేరుగానే అడిగింది.

"మాస్టర్ పిలిస్తే పలుకలేదట."

పరమేశ్ తలెత్తి ఆమె మొహంలోకి చూశాడు. "ఎప్పుడు పిలిచిండు?"

"మస్తు సార్లు పిలిచిండట."

"నన్నెవలు పిలువలేదు."

"పిలువకుండనే మగ్గాల కాన్నుంచి తీసేసిండా?"

ఆ సంగతి ఆమెకు తెలిసిపోయిందని అతనికి అప్పుడే అర్థమైంది. ముద్ద కలుపుతూ కలుపుతూ ఆగాడు. "వానికి నా మీద ఎందుకు కోపమొచ్చిందో నాకు సమజైతలేదు పద్మా. పొద్దుగాల నవ్వుకుంట మాట్లాడుతడు. రాత్రి కారఖాన్ల శత్రువు లెక్క చేస్తడు."

ఆమె నమ్మలేదు. ఇంట్లో పెళ్ళాం వాయిస్తుంటే తల తిప్పనివాడు కారఖానాలో మాస్టర్ పిలిస్తే మాత్రం తిప్పుతాడా అనుకున్నది. అతను అన్నం సగంలో వదిలేసి డబ్బా పట్టుకుని పోయాడు. తానులు మోసేవాడికి భుజం మీద వేసుకోవడానికి ఒక పాతగుడ్డ కావాలి. దండెం మీది పాత తువ్వాలు కూడా అతనితోనే పోయింది.

మరునాడు సంధ్య కాలేజీ నుంచి వచ్చి తల్లి పక్కన చేరింది. పద్మారాణి చీర అంచు మోకాలి మీద పరుచుకుని, మైనం అంటించిన పెన్సిల్ మొనతో ఒక్కొక్క రాయీ ఎత్తి గమ్ము చుక్క మీద కూర్చోబెడుతోంది. సంధ్య ఫోను చూస్తూ చదువుతోంది.

"అమ్మా, మూడు సైజులున్నయి. నీదగ్గరున్నది చిన్నది, సోప్రానో. దానిమీద కన్సర్ట్. ఇంకా పెద్దది టెనార్. ఈయన ఏమంటుండంటే, నేర్చుకున్నంక కన్సర్ట్ తీస్కోవాలె, మెట్లు దూరం దూరం ఉంటయి, వేళ్లు ఇరుకు పడవు అంటుండు."

"అయితే అదే తీస్కుందం."

"ఆగు. ఇంకొకాయన టెనార్ తీస్కోవాలె, ఒక్కసారే పెట్టుబడి అంటుండు."

"మరి అది తీస్కుందమా?"

"చెయ్యి చిన్నగుంటే వద్దట." సంధ్య తల్లి చేతివైపు చూసింది. "నీది చిన్నదా పెద్దదా?"

పద్మారాణి పెన్సిల్ పట్టుకున్న చేతిని తిప్పి చూసుకున్నది. నలభై ఏళ్ళలో తన చెయ్యి చిన్నదా పెద్దదా అని ఎవరూ అడగలేదు.

ఆ తర్వాత కర్ర సంగతి వచ్చింది. పైపలక అసలు కర్రయితే నాదం బాగుంటుందని ఒకరు. సూరత్ లాంటి చెమ్మగాలి ఊళ్ళలో అసలు కర్ర పగులుతుంది, పొరలు అతికించిన పలకే మేలని ఇంకొకరు. అసలు కొత్తదే వద్దు, మంచి తీగెలు మార్చుకుంటే చాలని మరొకరు. ఎవరు చెబుతుంటే వాళ్ళదే నిజమనిపిస్తోంది. చీరైతే రెండు వేళ్ళ మధ్య పట్టుకోగానే దారం ఎలాంటిదో, ఉతికితే ఏమవుతుందో చెప్పేయగలదు. దీని దగ్గరికొచ్చేసరికి ఏది పట్టుకుంటే తెలుస్తుందో కూడా తెలియడంలేదు.

"బంద్ చెయ్యి," అన్నది చివరికి. "దుకాణం కాడికి పోయి చూద్దం. వింటే తెలుస్తది."

కారఖానా సెలవురోజున ముగ్గురూ బయల్దేరారు. పరమేశ్ వస్తాడని ఆమె అనుకోలేదు. రమ్మని అడగలేదు కూడా. చెప్పులేసుకుంటుంటే అతనే లేచి చొక్కా తొడుక్కున్నాడు. తానులు మోసిన భుజం కమిలి ఉంది, చొక్కా తగిలినప్పుడు మొహం చిట్లించాడు. బస్సులో కిటికీ పక్కన కూర్చుని దారి పొడుగునా బయటికే చూశాడు.

ఊళ్ళోని భాగళ్ బజారు దగ్గర సందులో ఉంది దుకాణం. గోడలనిండా గిటార్లు, కింద హార్మోనియంలు, తబలాలు. కళ్ళజోడు ముక్కు మీదికి జారిన ముసలి కాకా కౌంటర్ వెనకనుంచి లేచి, ముగ్గురినీ చూసి, సంధ్య వైపు తిరిగాడు. "బోలో బేటా."

యుకులేలే అని సంధ్య చెప్పేలోపే ఒకటి తీసి ఆమె చేతిలో పెట్టాడు. "బేటీ కాలేజీల వాయిస్తదా?" అని హిందీలో పద్మారాణిని అడిగాడు.

"హా, బేటీకే," అన్నది పద్మారాణి.

ఎందుకలా అన్నదో ఆమెకు తెలియదు. మాట నోటినుంచి వచ్చేసింది. సంధ్య తల్లివైపు వింతగా చూసింది. పరమేశ్ ద్వారం దగ్గర స్టూలు మీద వీధివైపు తిరిగి కూర్చున్నాడు.

సంధ్య రెండుసార్లు గీకి, "నాకు రాదు కాకా, మా అమ్మనే చూస్తది" అని తల్లికిచ్చేసింది. కాకా కళ్ళజోడు పైకి తోసుకుని పద్మారాణి చీరనూ వేళ్ళనూ చూశాడు. నవ్వలేదు. పద్మారాణి ఆ చిన్నదాన్ని అలాగే పట్టుకుని నిలబడింది.

తర్వాత వాయించడం మొదలుపెట్టింది. చిన్నది కొత్తదే కానీ తన పాతదానికి చెల్లెలు లాంటిదే. రెండోది కన్సర్ట్. లేత గోధుమరంగు కర్ర, మెరుపులేమీ లేవు. వేళ్ళు మెట్ల మధ్యకు వాటంతటవే పోయి కూర్చున్నాయి. తన పాతదాని మీద ఎప్పుడూ అపస్వరంగా పలికే చోటొకటి ఉంది, మూడో మెట్టు దాటగానే. భయపడుతూ భయపడుతూ అక్కడికి వేలు జరిపింది. స్వరం తేటగా పలికింది. మళ్ళీ మీటింది. మళ్ళీ అంతే తేటగా వచ్చింది. ఏడాదిగా ఆ ఒక్కచోటు కోసం గొంతు కొంచెం దించి పాడుతోంది తను. దించాల్సిన పని లేదన్నమాట. కళ్ళు చెమర్చాయి, ఎందుకో సిగ్గేసింది.

తలెత్తి మొగుడివైపు చూసింది. పరమేశ్ వీధిలో చెరుకురసం బండి చక్రం తిరగడం చూస్తున్నాడు.

"ఇది గూడ చూడున్రి," అని కాకా పెద్దది తీసి ఇచ్చాడు. టెనార్. మెడ పొడుగ్గా ఉంది, చిటికెనవేలు సాగదీస్తే గానీ అందడంలేదు. ఒక తీగె మిగతావాటికంటే లావుగా, నల్లగా ఉంది. ఆ తీగె మీద బొటనవేలితో మీటింది. దుకాణం నేల కిందనుంచి వచ్చినట్టు బరువుగా మోగింది.

స్టూలు చప్పుడైంది. పరమేశ్ పూర్తిగా వెనక్కి తిరిగి చూస్తున్నాడు.

"ఏందది?" అన్నాడు. "మంచిగ మోగుతాంది."

పద్మారాణికి ఒళ్ళు మండింది. ఏడాదిపాటు వాయించినదానికి రాని మాట, చేతికే అందని ఈ పెద్ద డబ్బా ఒక్కసారి మోగేసరికి వచ్చింది. "గిప్పటిదాంక వాయించినయి మంచిగ లేవా?"

"గిప్పటిదాంక ఏం వాయించినవు?" అన్నాడతను. ఎగతాళి కాదు. మొహంలో ఎగతాళి ఏమాత్రం లేదు. నిజంగానే అడుగుతున్నాడు.

పద్మారాణి పెద్దదాన్ని కౌంటర్ మీద పెట్టింది. అతను మళ్ళీ వీధివైపు తిరిగేదాకా ఆగి, కన్సర్ట్ చేతిలోకి తీసుకున్నది. గట్టిగా వాయించింది. బయట సైకిలు ఆపిన మనిషి కూడా తొంగిచూశాడు. పరమేశ్ వీపు కదలలేదు. కన్సర్ట్ పక్కన పెట్టి పెద్దదాని లావు తీగె మీటింది. అతను తల తిప్పాడు. ఇంకోసారి అతను అటు తిరిగాక చిన్నది మీటింది. తిప్పలేదు.

సంధ్య నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"కాకా, మేం మళ్లొస్తం," అన్నది పద్మారాణి. యుకులేలేలను ఒకటొకటిగా కౌంటర్ మీద పెట్టేసింది.

బయట జనం. ఆటోల హారన్లు, బండ్లవాళ్ళ కేకలు. పరమేశ్ ముందు నడుస్తున్నాడు. పద్మారాణి అడుగు తగ్గించి అతని వెనకగా నడిచింది. సందు తిరిగి, చప్పుడు కాస్త సద్దుమణిగినచోట, మామూలు గొంతుతో అన్నది, "ఇగో, జర ఆగు."

అతను నడుస్తూనే ఉన్నాడు.

"నీ చెప్పు తెగింది." నడుస్తూనే ఉన్నాడు.

"నీ అసుంటి మొగడు నాకద్దు. ఇంటికి రాకు." సంధ్య తల్లి చెయ్యి పట్టుకుని, "అమ్మా, చాలు" అన్నది. పరమేశ్ రోడ్డు దాటడానికి ఆగి, వెనక్కి తిరిగి, భార్యాకూతుళ్ళు అంత వెనకబడ్డారేమిటని చూశాడు. చెయ్యి ఊపాడు, తొందరగా రమ్మని.

బస్సులో సంధ్య మెల్లగా అన్నది. "చెవుల డాక్టర్‌కు చూపియ్యాలె. మగ్గాల కాడ గంత చప్పుడు. ఇన్నేండ్లు..."

"మాస్టర్‌కు చెప్పాలె ముందు. పొగరు గాదు, చెవులు అని చెప్తే మగ్గాల మీదికి తీస్కుంటడు."

"తీస్కుంటడా?" అన్నది సంధ్య. "చెవులు వినవడనోన్ని మగ్గాల కాడ పెట్టుకుంటరా అమ్మా? పొగరన్నప్పుడే తానుల కాడికి పంపిండ్రు. చెవిటోడని ఎరుకైతే గేటు బయటికి పంపితే?"

పద్మారాణి ముందు సీట్లో కూర్చున్న మొగుడి మెడనే చూస్తూ కూర్చున్నది. పొగరుబోతు అనే పేరు మంచిదా, చెవిటివాడు అనే పేరు మంచిదా? పొద్దున్నదాకా కన్సర్టా టెనారా అన్నదే పెద్ద చిక్కు అనుకున్నది. అసలు అతనికి తెలుసా? తెలిసి దాస్తున్నాడా? తెలిసినవాడైతే అంత అమాయకంగా అడుగుతాడా?

మరునాడు మధ్యాహ్నం అతను పడుకున్నాక ఒక్కతే దుకాణానికి పోయింది. కాకా ఆమెను గుర్తుపట్టాడు. ఈసారి అతను అడగకముందే చెప్పింది. "కాకా, మేరే లియే. నాకే."

అతను తలూపి నడిమిదీ పెద్దదీ తీసి ముందు పెట్టాడు.

పెద్దది తీసుకుంటే మొగుడికి వినబడుతుంది. దాన్ని ఒళ్ళో పెట్టుకుని చిటికెనవేలు సాగదీసింది. అందలేదు. మణికట్టు వంచింది, అందింది కానీ నొప్పి. ఇలా నొప్పితో రోజూ వాయిస్తే ఆర్నెల్లలో అటక ఎక్కుతుందని తెలుస్తూనే ఉంది. కన్సర్ట్ తీసుకున్నది. ఒళ్ళో పెట్టగానే ఒదిగింది. ఇది తనది. ఇందులో అనుమానం లేదు. కానీ ఇది తీసుకుంటే మళ్ళీ ఆ వీపు వెనక కూర్చుని వాయించాలి. ఒకదాన్ని దించి ఇంకోదాన్ని ఎత్తింది, దాన్ని దించి మొదటిదాన్ని ఎత్తింది. కాకా ఇంకో గిరాకీని చూసి పంపి వచ్చినా ఆమె అక్కడే ఉంది.

చివరికి పెద్దదాని మీది లావు తీగె చూపించి అడిగింది. "ఈ తీగె గీ నడిమిదానికి పడ్తదా?"

కాకా కళ్ళజోడు పైకి తోసుకున్నాడు. "పడ్తది. ఆ సైజుకు వేరే లావు తీగె వస్తది. కానీ సన్నతీగెల చిలిపిదనం తగ్గుతది బెహన్. కొందరికి నచ్చది."

"ఎయ్యున్రి."

అతను పాత తీగె విప్పి, లావుది ముడివేసి, మెల్లగా బిగించాడు. కర్ర మీద చెయ్యి వేసి తీగె సాగదీసి, మళ్ళీ బిగించాడు. పద్మారాణి మీటి చూసింది. పెద్దదానంత బరువు లేదు. కానీ గొంతు మారింది. ఇంతకుముందు పైపైన ఎగిరే చప్పుడు ఇప్పుడు ఛాతీలోంచి వస్తోంది. ఇది చాలుతుందో చాలదో ఆమెకు తెలియలేదు. తీసుకున్నది.

బస్సు దిగి ఇంటికొస్తుంటే కూరగాయల బండి దగ్గర రాంప్రసాద్ మాస్టర్ కనిపించాడు. సంచీలో వంకాయలు వేసుకుంటూ, "ఏం చెల్లె, మీ ఆయన కోపం దిగిందా?" అన్నాడు.

చెవుల సంగతి నోటిదాకా వచ్చింది. సంధ్య మాట గుర్తొచ్చి ఆగింది. భుజానికున్న సంచీ సర్దుకున్నది. మాస్టర్ చెడ్డవాడు కాదు, అతని పైన కారఖానా సేఠ్ ఉన్నాడు, సేఠ్‌కు తానులు కావాలి.

"అన్నా," అన్నది, "ఆయనను ఎనుకనుంచి పిలువకున్రి. ముందటికొచ్చి పిలువున్రి. పలుకుతడు."

రాంప్రసాద్ చేతిలో వంకాయ పట్టుకుని ఆమెను కొంచెంసేపు చూశాడు. అతను ఇరవై ఏళ్ళుగా మగ్గాల మధ్య తిరుగుతున్న మనిషి. "సరె చెల్లె," అని తన చెవి ఒకసారి తడుముకుని, బండివాడివైపు తిరిగాడు.

సాయంత్రం పరమేశ్ గడప మీద చాయ్ తాగుతున్నాడు. పద్మారాణి ఎప్పటిలా వెనక కూర్చోబోయి, ఆగి, గడప దాటి బయటికొచ్చింది. పీట వేసుకుని అతనికి ఎదురుగా కూర్చున్నది. వరుసలో వెంకటవ్వ చీరలు మడతపెడుతోంది. పద్మారాణి కొత్త యుకులేలే ఒళ్ళో పెట్టుకుని, వేళ్ళు ఎక్కడ పెట్టాలో ఒక్కక్షణం మరిచిపోయి, మళ్ళీ గుర్తుచేసుకుని, వాయించింది.

పరమేశ్ గ్లాసు పెదవుల దగ్గర ఆగింది. ఆమె వేళ్ళవైపు చూశాడు, కొంచెం ముందుకు వంగాడు. పాట పూర్తయ్యేదాకా చాయ్ తాగలేదు.

"దీనికి చప్పుడొస్తాంది," అన్నాడు. "మంచిగుంది."

"పాతదానికి గూడ వచ్చేది."

"పాతదాన్ని నువ్వు చప్పుడు రాకుండ వాయించెటిదానివి గద." చిన్నగా నవ్వాడు. "నాకెర్కలేదనుకున్నవా? రాత్రిపాళీ చేసొచ్చినోన్ని, తలకాయ నొస్తదని ఊకె వేళ్లు ఆడిచ్చెటిదానివి. కారఖాన్ల అందరికీ చెప్పిన. నా పెండ్లాం గంత సోకుతోని నేర్చుకుంట గూడ, నాకోసం చప్పుడు చెయ్యదు అని."

పద్మారాణి చెయ్యి తీగెల మీద అలాగే ఉండిపోయింది. ఏడాదంతా ఆ వీపును చూసి తను ఎంత తిట్టుకుంది. ఏడాదంతా ఆ వీపు అటు తిరిగి తనను మెచ్చుకుంటూ కూర్చున్నది. ఇప్పుడు ఏం చెప్పాలి? అవును, నీకోసమే చప్పుడు చేయలేదు అంటే అతనికి బాగుంటుంది. ఆ మాటే నాలుక మీదికి వచ్చింది. కమిలిన అతని భుజం వైపు చూసింది. మింగేసింది.

"కాదు," అన్నది. "నీకు వినవడాల్ననే వాయించిన."

"ఆఁ?" అన్నాడు పరమేశ్, చెవి కాస్త ముందుకు పెట్టి.

ఆమె ఊపిరి తీసుకున్నది. ఈసారి గట్టిగా, వరుస ఆ చివరిదాకా వినబడేంత గట్టిగా అన్నది. "నీకు వినవడాల్ననే వాయించిన. రోజు గట్టిగనే వాయించిన."

వెంకటవ్వ చేతుల్లో చీర మడత సగంలో ఆగింది. లోపలినుంచి సంధ్య గడపదాకా వచ్చి నిలబడింది. పరమేశ్ భార్య నోటివైపే చాలాసేపు చూశాడు. చూస్తుండగా అతని మొహంలో నవ్వు పోయింది. గ్లాసు కింద పెట్టబోతే గడప అంచు తగిలి చాయ్ ఒలికింది. అతను అది చూసుకోలేదు.

"ఎప్పటిసంది?" అన్నాడు.

అడిగింది తన వాయింపు సంగతో, అతని చెవుల సంగతో ఆమెకు అర్థం కాలేదు. పీట ఇంకొంచెం దగ్గరికి జరుపుకున్నది.

"మొదటిసంది," అన్నది గట్టిగానే.